ప్యూర్ ఫంక్షన్ అట, ఖాళీ లిస్ట్ ఇస్తే కూలిపోతుందట

ఇప్పుడే, చక్కగా నడుస్తున్న ప్రోగ్రామ్ ఢామ్మని పడిపోయింది. లాగ్ తెరిస్తే ఒకే ముక్క, ‘ప్రెల్యూడ్ డాట్ హెడ్: ఎంప్టీ లిస్ట్’, అంటే హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లిస్ట్ మొదటి విలువ ఇచ్చే హెడ్ ఫంక్షన్ చేతికి ఖాళీ లిస్ట్ వచ్చిందని. ఎవరు పిలిచారు, ఏ లైన్లో, ఊహూఁ, పాత వెర్షన్ కదా, అదేమీ చెప్పదు, మనమే తవ్వుకోవాలి.

హాస్కెల్ వాళ్ళ గొప్పలు మీరూ వినే ఉంటారు, కంపైల్ అయిందంటే పనిచేసినట్టే అని! మరి ఈ హెడ్ టైప్, అంటే ఏం తీసుకుని ఏమిస్తుందో చెప్పే మాట, చూడండి: లిస్ట్ ఇవ్వు, అందులో మొదటి విలువ ఇస్తా అంటుంది. లిస్టే ఖాళీ అయితే ఎక్కణ్ణుంచి తెచ్చిస్తావు నాయనా? పైగా ఇది ప్యూర్ ఫంక్షనే, అంటే బయట దేన్నీ మార్చకుండా, ఒకే ఇన్‌పుట్‌కి ఎప్పుడూ ఒకే జవాబిచ్చేది. అవును లెండి, అదే ఖాళీ లిస్ట్ ఎన్నిసార్లిచ్చినా అంతే నిష్ఠగా ముంచుతుంది, అంతకన్నా స్వచ్ఛత ఏం కావాలి!

ఎల్మ్ అనే ఇంకో భాషలో ఇదే హెడ్ ‘మేబీ’ ఇస్తుంది. విలువ ఉంటే జస్ట్, లేకపోతే నథింగ్, ఆ నథింగ్ సంగతేంటో రాసేదాకా కంపైలర్ కదలనివ్వదు. హాస్కెల్‌లో మేబీ లేక కాదు, భేషుగ్గా ఉంది, హెడ్‌కి పెట్టలేదంతే. భాష మొదటి రిపోర్ట్ 1990లో వచ్చింది, హెడ్, టెయిల్ వాడితే హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ తనంతట తాను హెచ్చరించడం 2023లో, 9.8తో మొదలైంది. అదీ వార్నింగే, ఎర్రర్ కాదు. తొందరేముంది!

అసలు మంట ఇది కాదు. ఇంటర్వ్యూల్లో ఫంక్షన్ల రకాలు చెప్పమంటారు చూడండి, హయ్యర్ ఆర్డర్, కర్రీడ్, లాంబ్డా, రికర్సివ్ అని ఎక్కాల్లా అప్పజెప్పాలి. కర్రీయింగ్‌కి, అంటే ఆర్గ్యుమెంట్లని (ఇన్‌పుట్లని) ఒక్కొక్కటిగా తీసుకునే పద్ధతికి, తర్కశాస్త్రవేత్త హాస్కెల్ కర్రీ పేరు పెట్టినా ఆ ఆలోచన షోన్‌ఫింకెల్ 1924 పేపర్లోనే ఉందని కూడా అడుగుతారు, అది తెలిస్తే ఏ బగ్ పోతుందో మరి. ఏ ఇన్‌పుట్ ఇచ్చినా జవాబిచ్చేది టోటల్, కొన్నింటికి చేతులెత్తేసేది పార్షియల్, మన కొంప ముంచే ఈ తేడా మాత్రం ఎవరూ అడగరు. ఓసారి నేనే పార్షియల్ మాట ఎత్తితే ఇంటర్వ్యూ చేసే ఆయన, ‘అదే కదా, రెండు ఆర్గ్యుమెంట్లలో ఒకటే ఇవ్వడం’ అన్నాడు. అది పార్షియల్ అప్లికేషన్ స్వామీ! కూడే ఫంక్షన్‌కి 5 అనే ఒక్క సంఖ్యే ఇస్తే రెండో సంఖ్య కోసం కాచుకునే ఇంకో ఫంక్షన్ వస్తుంది, ఏదీ కూలదు. అదే చెప్పాను. నన్ను తీసుకోలేదు, నాకు బేసిక్స్ వీక్ అట!