ఎల్బో ధరా, ఎల్బో కూర్చున్న చోటి ధరా?

2021 ఫిబ్రవరి మంచు తుఫానును టెక్సాస్‌లో ఉన్న మన సంఘ సభ్యులెవరూ అంత తేలిగ్గా మరచిపోరు. ఆ నెల 16వ తేదీన డాలస్‌లో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. కరెంటు లేక ఇళ్లు చల్లబడి, అటకల మీది పైపులు పగిలి, పైకప్పులోంచి పడకగదుల్లోకి నీళ్లు కారాయి. మా ఇంట్లో గోడల్లోని పైపులు ఎలాగో నిలిచాయి గానీ, పెరట్లో స్ప్రింక్లర్ వాల్వులుండే గుంతలో నాలుగింటిలో ఒకటి నిలువునా చీలిపోయింది. చూడటానికి చిన్న నష్టమే. అయితే ఇల్లు కట్టినప్పుడు ఆ నాలుగు వాల్వులనూ, వాటిని కలిపే టీలనూ (మూడు మూతులున్న అతుకు ముక్కలు) మధ్యలో అంగుళం పైపు కూడా వదలకుండా ఒకదానికొకటి ఆనించి అతికించారు. చీలిన వాల్వును కోసి తీసేస్తే రెండు పైపు ముక్కలను కలిపే కొత్త కప్లింగ్ పట్టడానికి పైపు మిగలదు.

పనివాడు వచ్చి చూసి, మొత్తం అమరికను కోసి పారేసి కొత్తది కట్టాలని, అదీ మూడు వారాల తరువాతే వీలవుతుందని చెప్పాడు. అతని మాటలో మోసమేమీ లేదు. ఆ రోజుల్లో ప్లంబర్లు దొరకలేదు, దుకాణాల్లో ఫిట్టింగుల (పైపులను కలిపే ముక్కల) అరలు ఖాళీగా ఉన్నాయి. గల్ఫ్ తీరంలో పీవీసీ ముడిసరుకు తయారుచేసే కర్మాగారాలు కూడా అదే చలికి మూతపడటంతో పైపుల కొరత, ధరల మంట నెలల తరబడి సాగాయి. అప్పుడు పక్క వీధిలో ఉండే బాబాయి గారు, విశ్రాంత ఇంజనీరు, గుంతలోకి తొంగి చూసి ఒక్కటే మాట అన్నారు: "టీని ఎందుకండీ కోయడం? టీ లోపలున్న పైపు ముక్కను చెక్కేస్తే సరిపోతుంది కదా!"

ఆ మాట మొదట నాకు అర్థం కాలేదు. మనం జిగురు అని పిలిచే ఆ డబ్బాలోది నిజానికి జిగురు కాదు. మన ఊళ్లలో ప్లంబర్లు దానిని సొల్యూషన్ అంటారు, అదే సరైన మాట. టెట్రాహైడ్రోఫ్యూరాన్ వంటి ద్రావకాలు పైపు పైపొరనూ, ఫిట్టింగ్ లోపొరనూ కాసేపు కరిగించి మెత్తబరుస్తాయి. ఆ రెండు పొరలు కలిసిపోయాక ద్రావకం ఆరిపోయి, రెండు వస్తువులు ఒకే వస్తువుగా గట్టిపడతాయి. అందువల్ల ఇనుప పైపును మర తిప్పి విప్పినట్టు విప్పడం, కాగితం జిగురులా నానబెట్టి ఊడదీయడం ఇక్కడ కుదరవు. కుదిరేదల్లా, అతుకు జోలికి పోకుండా, సాకెట్ (ఫిట్టింగ్‌లో పైపు దూరే మూతి) లోపల ఉండిపోయిన పైపు గోడనే చెక్కి తీసేయడం. 1 అంగుళం షెడ్యూల్ 40 రకం (గోడ మందాన్ని బట్టి పెట్టిన పేరు) పైపు గోడ మందం 0.133 అంగుళం, అంటే దాదాపు 3.4 మిల్లీమీటర్లు. సాకెట్‌ను చెడగొట్టకుండా ఆ 3.4 మిల్లీమీటర్లను తొలగించగలిగితే, నేలలో పాతుకుపోయిన టీ మళ్లీ పనికొస్తుంది.

దీనికోసమే రీమర్ అనే పనిముట్టు ఉంది. డ్రిల్లుకు తగిలించుకునే ఈ బిట్టుకు ముందు భాగంలో ఒక మొద్దు ముక్కు ఉంటుంది. అది పైపు లోపలి బోలులో కూర్చుని దారి చూపుతుంది, వెనుక ఉన్న పళ్లు పైపు గోడను చెక్కుతాయి. ముందుగా పైపును సాకెట్ అంచుకు సమానంగా కోసి, డ్రిల్లును నిటారుగా పట్టుకుని, నెమ్మదిగా తిప్పుతూ లోపలికి నెట్టాలి. వేగం పెంచితే రాపిడికి ప్లాస్టిక్ వేడెక్కి, పొట్టుగా రాలాల్సింది మైనంలా కరిగి పళ్లకు చుట్టుకుంటుంది. నా మొదటి ప్రయత్నంలో జరిగింది అదే. రాలే పొట్టు లైనులోకి పోకుండా లోపల గుడ్డ కుక్కాలన్న సంగతీ అప్పుడే తెలిసింది, ఎందుకంటే ఒక్క చిన్న తునక వాల్వు లోపలి రబ్బరు పొర కింద ఇరుక్కున్నా ఆ వాల్వు పూర్తిగా మూసుకోదు, గడ్డి రాత్రంతా తడుస్తూనే ఉంటుంది.

రీమర్ లేనివారు రంపపు బ్లేడుతో లోపలి పైపుకు రెండు మూడు చోట్ల గాట్లు పెట్టి, సన్నని ఉలితో ముక్కలు ముక్కలుగా పెకలిస్తారు. హీట్ గన్‌తో కొద్దిగా వేడిచేసి, మెత్తబడిన పైపును లోపలికి మడిచి లాగేవారూ ఉన్నారు. ఓపికా, చెయ్యి నిలకడా ఉన్నవారికి ఈ రెండూ సాధ్యమే, కానీ గాటు సాకెట్‌లోకి దిగితే అక్కడినుంచే నీరు కారుతుంది. ఇక సాకెట్‌లో ప్రైమర్ (సొల్యూషన్ రాసే ముందు పూసే ద్రావకం) పోసి నిప్పంటిస్తే పైపు దానంతటదే మెత్తబడి ఊడి వస్తుందని చెప్పే పద్ధతి ఒకటుంది. దానిని ఎవరూ, ఎక్కడా చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. టెట్రాహైడ్రోఫ్యూరాన్ ఆవిరి సున్నాకు దిగువన 14 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు. పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరినే కాబట్టి, అది కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది. తడి తగిలితే అది హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. ఒక టీ కోసం ఊపిరితిత్తులను పణంగా పెట్టడం పొదుపు అనిపించుకోదు.

చెక్కిన సాకెట్ కొత్తదానితో సమానమా? కాదు. కొత్త ఫిట్టింగ్ సాకెట్ లోపలికి పోయేకొద్దీ కొద్దిగా ఇరుకవుతుంది: 1 అంగుళం సైజుకు మూతి దగ్గర 1.325 అంగుళాలు ఉంటే అడుగున 1.310 ఉంటుంది. పైపు బయటి వ్యాసం 1.315. అంటే పొడిగా ఉన్నప్పుడు పైపు పూర్తిగా అడుగుదాకా దిగదు. ద్రావకం మెత్తబరిచాకే బిగుతుగా దిగుతుంది, ఆ బిగువే అతుకుకు ప్రాణం. రీమర్ మాత్రం మూతినుంచి అడుగుదాకా ఒకే కొలతతో చెక్కుతుంది కాబట్టి ఆ వాలు కొంతైనా పోతుంది. కొంచెం ఎక్కువ చెక్కితే పైపు వదులవుతుంది, తక్కువ చెక్కితే పాత పైపు పొర తెల్లగా మిగిలిపోతుంది. అందుకే నేను పొడి పైపును ఒకసారి పెట్టి చూస్తాను: ఊగితే ఆ సాకెట్‌ను వదిలేస్తాను, బిగుతుగా ఉంటే చిక్కటి సొల్యూషన్ వాడి, డబ్బా మీద రాసిన సమయంతో సరిపెట్టుకోకుండా ఒక రాత్రంతా ఆరనిస్తాను.

ఈ లోపం తెలిసిన తరువాత కూడా ఈ పని చేయదగినదేనని నేను ఎందుకంటున్నానో చెప్పాలి. అసలు చిక్కు ఏమిటంటే, చేతికి సులువుగా అందే ఫిట్టింగ్‌ను కాపాడుకోవలసిన అవసరమే ఉండదు. కోసి పారేసి, కొన్ని డాలర్లకు కొత్తది వేసుకోవచ్చు. కాపాడుకోవలసింది నేల కిందో, కాంక్రీటులోనో, గోడలోనో కూరుకుపోయిన ఫిట్టింగ్‌నే. దాని ధర దుకాణంలో రెండు డాలర్లే కావచ్చు, కానీ అది కూర్చున్న చోటి ధర వేల డాలర్లు. అయితే అలాంటి చోట్లలోనే అతుకు కారితే మన కంటికి కనబడదు. ఏది కాపాడుకోదగినదో అదే నమ్మదగనిది కూడా అయి కూర్చుంటుంది. ఈ ముడిని విప్పడానికి నాకు తోచిన కొలమానం నీటి ఒత్తిడి.

ఇంట్లోకి వచ్చే నీటి పైపులో సాధారణంగా 40 నుంచి 80 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి రాత్రింబవళ్లు ఉంటుంది. మురుగు పైపులో ఉండేది కేవలం పల్లానికి జారే నీటి బరువు. కొత్త ఇంటి మురుగు పైపులను పరీక్షించేటప్పుడు పది అడుగుల ఎత్తున నీరు నింపి పదిహేను నిమిషాలు నిలబెడతారు. ఆ పది అడుగుల నీటి ఒత్తిడి 4.3 పీఎస్‌ఐ మాత్రమే. చెక్కి అతికించిన సాకెట్‌కు ఆ కాస్త ఒత్తిడి లెక్కలోకి రాదు. డాలస్ ప్రాంతంలో మన ఇళ్లు ఎక్కువగా నేల మీద పరిచిన కాంక్రీటు పునాది మీదే ఉంటాయి, వాటిలో చాలా పునాదుల్లో బిగించి లాగిన ఉక్కు తీగలు ఉంటాయి. కమోడ్‌ను మురుగు పైపుకు కలిపే ఫ్లాంజ్ అనే కంకణం విరిగి, దానిని అతికించిన ఎల్బో (వంపు ముక్క) సాకెట్ పునాదిలోనే ఉండిపోతే, ఆ ఎల్బో కోసం కాంక్రీటు పగలగొట్టడమంటే ఆ తీగలెక్కడున్నాయో ముందుగా స్కాన్ చేయించాలి. పొరపాటున ఒక తీగ తెగిందా, మనిషికీ ప్రమాదమే, ఇంటికీ ప్రమాదమే. అక్కడ రీమర్‌తో పాత ఫ్లాంజ్ మెడను చెక్కి తీసి, అదే ఎల్బోలో కొత్త ఫ్లాంజ్ అతికించడం నా దృష్టిలో పొదుపు మాత్రమే కాదు, రెండు దారుల్లో మెరుగైన ఇంజనీరింగ్ కూడా. 3 అంగుళాల రీమర్ తిప్పేటప్పుడు మాత్రం పక్కపిడి ఉన్న బలమైన డ్రిల్లు కావాలి, లేకపోతే మణికట్టు మెలితిరుగుతుంది.

ఒత్తిడి ఉన్న పైపే అయినా, మూత తీస్తే కనబడే గుంతలో ఉంటే నాకు అభ్యంతరం లేదు. మా స్ప్రింక్లర్ టీ అలాంటిదే. కారితే వాల్వు పెట్టెలో నీళ్లు కనబడతాయి, పాడయ్యేది గడ్డే. కానీ ఒత్తిడీ ఉండి, గోడ లోపలా ఉంటే వద్దు. కిందటేడు హైదరాబాదులో మా మేనమామ గారి ఫ్లాటులో స్నానాలగది వేడినీళ్ల ఎల్బో కారితే, టైల్స్ పగలగొట్టకుండా దానినే చెక్కించుకుంటే ఎలా ఉంటుందని ఆయన ఫోనులో అడిగారు. వద్దని చెప్పాను. అది సీపీవీసీ, అంటే వేడినీళ్లకు వాడే పీవీసీ రకం; ఏళ్ల తరబడి వేడినీళ్లు పారిన సీపీవీసీ పెళుసుబారే అవకాశం ఎక్కువ, డ్రిల్లు అదురుకు పక్క అతుకులూ బీటలు వారవచ్చు. నాలుగు టైల్స్ పోయినా సరే, రెండు వైపులా పైపు కనబడేదాకా తవ్వించి కొత్తది వేయించమన్నాను. ఆయనకు నచ్చలేదు, కానీ చేయించారు.

మన వాళ్లలో రెండు రకాల అలవాట్లు చూస్తున్నాను. ఒకటి, ఏది పాడైనా మొత్తం తీసి పారేయమని పనివాడు చెప్పగానే చెక్కు రాసేయడం. రెండోది, కోసి తీసిన ప్రతి ఎల్బోనూ గరాజ్‌లో దాచి, వారాంతంలో అర డాలరు వస్తువును అరగంట చెక్కడం. రెండోదానిలో నేనూ దోషినే. బల్ల మీద పెట్టి చెక్కదగినవి బాల్ వాల్వు, మర విప్పి బిగించగల యూనియన్, మురుగు వెనక్కి తన్నకుండా ఆపే వాల్వు వంటి ఖరీదైన వస్తువులు మాత్రమే. పర్యావరణం కోసం అనే మాట కూడా వింటుంటాను. ఇళ్ల దగ్గర రీసైక్లింగ్ బుట్టలు చాలా ఊళ్లలో పీవీసీని తీసుకోవన్నది నిజమే, కానీ ఒక ఎల్బోను దాచినందువల్ల భూమికి కలిగే మేలు అతి స్వల్పం. ఎల్బో కోసం పదిసార్లు కారులో దుకాణానికి తిరిగేవారు ఆ మాట అనకపోవడం మంచిది.

మా నాన్నగారు ఖమ్మం జిల్లాలో మిరప తోటకు నీళ్లు పెట్టే రోజుల్లో, ఫిట్టింగ్ కొనే ఖర్చు తప్పించుకోవడానికి రైతులు పైపు మూతిని గడ్డి మంట మీద కాచి, వెడల్పు చేసి, రెండో పైపును అందులోకి దించేవారు. సాగదీసిన చోట గోడ పలచబడుతుంది, పొగ కళ్లు మండిస్తుంది. దానిని నేను ఇక్కడ సిఫారసు చేయను. కానీ ఆయన దగ్గర నేర్చుకోదగిన అలవాటు ఇంకొకటి ఉంది. బోరు దగ్గర గేటు వాల్వును ఆయన ఎప్పుడూ నేరుగా అతికించనివ్వలేదు. దానికి రెండు వైపులా మరలున్న ముక్కలు, ఒక యూనియన్, జానెడు ఖాళీ పైపు ఉండాల్సిందే. మోటారు కాలిపోయినా, వాల్వు పాడైనా, స్పానరుతో విప్పి మళ్లీ అదే సామానుతో బిగించేవారు. మా స్ప్రింక్లర్ గుంత కట్టినవాడు ఆ జానెడు పైపు వదిలి ఉంటే నాకు రీమర్ కొనే పనే పడేది కాదు.

టెక్సాస్ చట్టం ప్రకారం యజమాని తాను నివసించే సొంత ఇంట్లో ప్లంబింగ్ పని లైసెన్సు లేకుండానే చేసుకోవచ్చు. అయినా ఊరిని బట్టి పర్మిట్ కావాలి, పాత ఫిట్టింగ్‌ను మళ్లీ వాడటాన్ని తనిఖీ అధికారి ఒప్పుకోకపోనూవచ్చు. పునాదిలోని ఫ్లాంజ్ వంటి పనికి ముందుగా అడగటమే మంచిది. ఊదారంగు ప్రైమర్‌ను వాడమని అధికారులు పట్టుబట్టేది అతుకుకు ప్రైమర్ రాశారని ఆ రంగును చూసి తెలుసుకోవడానికే కాబట్టి, చెక్కిన సాకెట్‌కు కూడా దానినే రాయండి.

రీమర్ ఒక్కో సైజుకు ఒక్కోటి కొనాలి, ధర కొన్ని పదుల డాలర్లు, సైజు పెరిగేకొద్దీ ఇంకా పెరుగుతుంది. ఒక ఇంట్లో దాని అవసరం పదేళ్లకు ఒకసారి పడితే ఎక్కువ. ఉగాదికీ, దీపావళికీ హాలు అద్దెకు అంత ఖర్చుపెట్టే మన సంఘం, 1 నుంచి 4 అంగుళాల దాకా సైజుకొకటి చొప్పున కొని ఒక పెట్టెలో ఉంచి, సభ్యులకు అరువిస్తే బాగుంటుందని కార్యవర్గానికి ప్రతిపాదిస్తున్నాను. నా 1 అంగుళం రీమర్‌ను ఆ పెట్టెకు ఇచ్చేస్తాను. మొదటి ప్రయత్నంలో కరిగిన ప్లాస్టిక్ దాని పళ్లకు ఇంకా కొంచెం అంటుకునే ఉంది, గీకి ఇస్తాను.