అన్నిటికీ ఒకటే సైరన్ చాలంటారా?

రొయ్యల ప్లాంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. "ప్రమాదం జరిగితే వర్కర్లకు వివరాలు చెప్పకండి, టెన్షన్‌తో తొక్కిసలాట అవుతుంది. దేనికైనా ఒకటే సైరన్ చాలు. మిగతాది వాట్సాప్‌లో పెట్టేస్తే అందరికీ చేరుతుంది." మూడు ముక్కల్లో ఒక్కటీ నిలబడదు.

వివరాలు చెబితే భయపడతారట! ఈ మాటన్న పెద్దమనిషి వరదలప్పుడు మా గోదావరి లంకల్లోకి రావాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఎగువన భద్రాచలంలో 43 అడుగులు దాటిందా, 48 దాటిందా అని ముందే ఆరా తీస్తారు. ఆ నీళ్లు ఇక్కడికి దిగేలోపు గేదెల్ని గట్టు మీదికి తోలి, బియ్యం అటకెక్కిస్తారు. అంకె తెలిస్తే పని కనిపిస్తుంది. ఏ కబురూ లేకపోతేనే గాభరా.

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా పోయారు. గాల్లో గ్యాస్ ఉంది, పొయ్యి వెలిగించొద్దన్న మాట ఆ ఇళ్లకు చేరలేదు. అక్కడ ప్రాణాలు తీసింది తొక్కిసలాట కాదు.

ఇక ఒకటే సైరన్ సంగతి. మంటలైతే దగ్గర్లోని గేటులోంచి బయటపడాలి. వంటగ్యాస్ లీకైతే స్విచ్ ముట్టుకోకూడదు. వరదైతే మెట్లెక్కాలి. రొయ్యల్ని గడ్డకట్టించే యంత్రాల్లోని అమ్మోనియా గ్యాస్ లీకైతే గాలి ఎటు వీస్తోందో చూసి, దానికి అడ్డంగానో ఎదురుగానో పోవాలి. ఇన్ని పనులు ఒక్క కూతలో ఎలా తెలుస్తాయి?

నేను పనిచేసిన ఒక ప్లాంటులో కంప్రెసర్ రూమ్ దగ్గర అమ్మోనియా లీకైంది. సైరన్ మోగగానే రొయ్యల పొట్టు తీసే పీలింగ్ హాల్లోని ఆడవాళ్లు గ్లౌజులు, గమ్‌బూట్లతోనే అలవాటుగా వెనక గేటుకు పరుగెత్తారు. గాలీ అటే కొడుతోంది. కళ్లు మండి, దగ్గుతో కొందరు అక్కడే కూలబడ్డారు. వాచ్‌మన్ "వాసన అటే వస్తోందమ్మా, ముందు వైపు గేటుకి రండి" అని గొంతు చించుకుంటే అప్పుడు వెనక్కి తిరిగారు.

వాట్సాప్ అంటారా? హాల్లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, లాకర్లో ఉంటాయి. ఒడిశా నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి తెలుగు చదవడం రాదు. ఆ లీకు తర్వాత మేం ప్లాంటు కప్పు మీద గాలి చూపించే ఎర్ర గుడ్డసంచి కట్టాం. హాల్లో మైకు ఒడియా కూడా వచ్చిన అమ్మాయి చేతికిచ్చాం.