ఎంటెక్ అర్హతలు: టీకా తాత్పర్య సహితం

నల్లగొండ గడియారం సెంటర్‌కు కాస్త అవతల, ఒక సందు మలుపులో చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఉన్నత విద్య గురించి సాధికారంగా మాట్లాడగల మనిషి ఈ జిల్లాలో ఎవరైనా ఉన్నారంటే అది ఆ షాపాయనే. వైస్ చాన్సలర్లు మూడేళ్లకొకరు మారతారు. ఆయన మాత్రం ఇరవై ఏళ్లుగా అదే స్టూలు మీద కూర్చుని జిల్లా చదువులన్నిటినీ రెండు వైపులా ప్రింట్ తీస్తున్నాడు.

మా మేనల్లుడి ఎంటెక్ సీటు బాధ్యత నా నెత్తిన పడినప్పుడు నేను నోటిఫికేషన్ మొత్తం ప్రింట్ తీయించి, ముఖ్యమైన చోట్ల పసుపు గీతలు గీసుకుని, విద్యావేత్తలా తయారయ్యాను. షాపాయన ఆ కాగితాలను కౌంటర్ మీద పక్కకు జరిపి ఒకటే మాటన్నాడు.

"గవి చదివితే సీటు రాదు సార్. బోనఫైడ్లు ఉన్నయా?"

అయినా చదివాను కాబట్టి చెప్పక తప్పదు. బీటెక్‌లో 50 శాతం మార్కులు, రిజర్వేషన్ ఉంటే 45, వచ్చినవాళ్లు ఎంటెక్ సీట్ల కోసం రాష్ట్రం పెట్టే ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ రాయవచ్చు. రెండు గంటలు, 120 ప్రశ్నలు, 120 మార్కులు. ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు. తప్పు రాస్తే కోత లేదు. జనరల్ అభ్యర్థికి ర్యాంకు ఇవ్వాలంటే 25 శాతం రావాలి, అంటే 30 మార్కులు. ఇప్పుడు 120ని నాలుగుతో భాగించండి. తొందరేం లేదు, ఆగుతాను. ప్రశ్నల ముఖమైనా చూడకుండా అన్నిటికీ మూడో ఆప్షన్ నొక్కి వచ్చినవాడికి సగటున వచ్చేది సరిగ్గా ఆ ముప్పయ్యే. అంగట్లోంచి ఒక మేకను పట్టుకొచ్చి కంప్యూటర్ ముందు నిలబెట్టినా రెండుసార్లలో ఒకసారి క్వాలిఫై అవుతుంది. మేకను ఆపగలిగేది బోనఫైడ్ సర్టిఫికెట్ ఒక్కటే. షాపాయన మొదటే అడిగిన ప్రశ్న లోతు అప్పుడు తెలిసింది.

దేశమంతటికీ కలిపి పెట్టే గేట్ పరీక్ష అలా కాదు. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. ఒక ఆప్షన్ ఎంచుకునే ప్రశ్నల్లో తప్పు రాస్తే ఆ మార్కుల్లో మూడో వంతు కోసేస్తారు. మేక అక్కడ నిలవదు. గేట్ వచ్చినవాళ్లకు సీట్ల కేటాయింపులో మొదటి వరుస, పైగా నెలకు 12,400 రూపాయల స్టైపెండ్. కానీ మంచి గేట్ స్కోరున్న పిల్లలు ఐఐటీకో వరంగల్ ఎన్ఐటీకో పోతారు గానీ బత్తాయి తోటల నడుమ ఉన్న మా కాలేజీలకు ఎందుకొస్తారు? ఆ మొదటి వరుస, పెళ్లిలో ఎమ్మెల్యే కోసం వేసిన సోఫా లాంటిది. దుమ్ము దులుపుతారు, తెల్లగుడ్డ కప్పుతారు. అన్నాలు అయిపోయేదాకా అందులో ఎవరూ కూర్చోరు.

ఇక బోనఫైడ్లు. లోకల్ అని నిరూపించుకోవాలంటే వరుసగా ఏడేళ్లు ఎక్కడ చదివాడో కాగితాలు కావాలి. నల్లగొండలో పుట్టి, నల్లగొండ నీళ్లు తాగి, నల్లగొండ యాసలో తిట్లు తిట్టే పిల్లవాడు లోకలో కాదో ఊరికే చూసి చెప్పలేం కదా. బీటెక్ నాలుగు, ఇంటర్ రెండు దొరికాయి. పదో తరగతి దగ్గర బండి ఆగింది. మావాడు చదివిన ప్రైవేటు స్కూలు మూతపడి ఫంక్షన్ హాలయింది.

వెళ్లాం. ఆ రోజు ఎవరిదో ఎంగేజ్‌మెంట్. ఒకప్పుడు ప్రేయర్ జరిగిన చోట పనీర్ కర్రీ ఉడుకుతోంది. పాత కరస్పాండెంట్ గారే ఇప్పుడు హాలు ఓనర్. మావాడిని గుర్తుపట్టి, "అరే, నువ్వు ఫస్ట్ బెంచి కదరా!" అని మురిసిపోయాడు. మావాడు లాస్ట్ బెంచి. బోనఫైడ్ వచ్చేదాకా ఆ సంగతి బయటపెట్టలేదు. ఆయన డ్రాయర్ లాగాడు. క్యాటరింగ్ బిల్లులు, ఒక ఎండిపోయిన గజమాల, కరెంటు బిల్లు, వాటి అడుగున పాత రిజిస్టరు, గుండ్రటి స్టాంపు. ప్యాడ్‌లో ఇంకు ఆరిపోయి ఉంటే రెండు చుక్కల నీళ్లు పోసి గట్టిగా అదిమాడు. స్కూలు పేరు సగమే పడింది. "చాలు, గుండ్రంగ ఉంటె చాలు," అన్నాడు. వెరిఫికేషన్‌లో నిజంగానే గుండ్రంగా ఉందా లేదా అనే చూశారు.

తర్వాత బీటెక్ కాలేజీ. టీసీ, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ కావాలంటే ఆఫీసులో క్లర్క్ మర్యాదగా కూర్చోబెట్టి విషయం చెప్పాడు. పిల్లవాడి ఫీజు రీయింబర్స్‌మెంట్ పైనుంచి రాలేదు. అది వచ్చేదాకా సర్టిఫికెట్లు బీరువాలో క్షేమంగా ఉంటాయి. ఇప్పుడే కావాలంటే ఆ డబ్బు మేము కట్టి, తర్వాత వచ్చినప్పుడు వెనక్కి తీసుకోవచ్చు.

"వచ్చినంక ఇస్తమని ఒక కాగితం రాసిస్తరా?" అని మా బావ అడిగాడు. క్లర్క్ జాలిగా చూశాడు. బావ అడ్తి దగ్గర బాకీ తెచ్చి కట్టాడు. విద్యార్థుల ఒరిజినల్స్ ఏ విద్యాసంస్థా దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీల పైనుండే యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ ఉత్తర్వు మా షాపాయన దగ్గర దొరుకుతుంది. పేజీకి రెండు రూపాయలు.

సీటొచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది, అటు పక్క సీటు, ఇటు పక్క సీటు కూడా ఖాళీగానే ఉన్నాయి.

అటెండెన్స్ గురించి చెప్పాలంటే ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల దగ్గర మొదలుపెట్టాలి. పట్నాన్ని ఆనుకునే పానగల్లులో వాళ్ల కాలపు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద స్తంభం నీడ పడుతుంది. సూర్యుడు ఎటు తిరిగినా పగలంతా ఆ నీడ అక్కడే ఉంటుంది. దాని రహస్యం కోసం ఎంతోమంది తల బద్దలు కొట్టుకున్నారు. ఎంటెక్ అటెండెన్స్ రిజిస్టర్ చూసుంటే అంత కష్టపడేవాళ్లు కాదు. మావాడు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు పోతూ రూములో నలుగురితో కలిసి పప్పుచారు వండుకుంటున్న రోజుల్లో, అతని నీడ ఇక్కడ కాలేజీలో కదలకుండా 75 శాతం నిలబడింది. ఇందులో కాలేజీని తప్పుపట్టను. పాఠం చెప్పాల్సిన సారు కూడా నీడే అయితే ఎవరు ఎవరిని పిలవాలి?

రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు, 68 క్రెడిట్లు. ఆ క్రెడిట్ల సంగతి వదిలేద్దాం. క్రెడిట్లు లేని ఆడిట్ కోర్సులు మాత్రం నాకు భలే నచ్చాయి. సాంకేతిక విజ్ఞానం కోసం సంస్కృతం ఉంది, విపత్తు నిర్వహణ ఉంది, భారత రాజ్యాంగం ఉంది, యోగాతో ఒత్తిడిని తగ్గించుకోవడం కూడా ఉంది. కల్లు కాంపౌండ్‌లోనే మజ్జిగ అమ్మినట్టు, టెన్షన్ పెట్టే సిలబస్సే దాని విరుగుడూ చెబుతోంది. ఆ యోగా పేపర్ ముందు రోజు మావాడు టెన్షన్‌తో రాత్రంతా నిద్రపోలేదు.

చివరికి థీసిస్. కాపీ కొట్టడం మీద కూడా యూజీసీ 2018లోనే నిబంధనలు తెచ్చింది. ఆదాయపు పన్ను లాగే దీనికీ శ్లాబులున్నాయి. పది శాతం దాకా ఏమీ లేదు. పది నుంచి నలభై దాకా అయితే ఆరు నెలల్లోపు దిద్ది ఇవ్వాలి. నలభై దాటి అరవై దాకా అయితే ఏడాది ఆగాలి. అరవై కూడా దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మావాడి థీసిస్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రాజెక్టు సెంటర్ నుంచి వచ్చింది. అది మొదటి చెకింగ్‌లో 52 చూపించింది.

"ఏం చేద్దాం మామా?" అన్నాడు దిగులుగా.

షాపాయనకు విషయం చెబితే నవ్వాడు. "మాటలు మారిస్తె అయిపాయె సార్. దానికి సాఫ్ట్‌వేరున్నది."

రాత్రికి రాత్రి 'డీప్ లెర్నింగ్' పోయి 'ప్రొఫౌండ్ లెర్నింగ్' వచ్చింది. 'బిగ్ డేటా' కాస్తా 'కొలొసల్ ఇన్ఫర్మేషన్' అయింది. గైడ్ గారికి చెప్పిన కృతజ్ఞతల్ని కూడా సాఫ్ట్‌వేర్ వదల్లేదు. మళ్లీ చెక్ చేస్తే తొమ్మిది శాతం. అర్థం ఎంత శాతం మిగిలిందో కొలిచే యంత్రం ఇంకా రాలేదు కాబట్టి అందరం సంతోషించాం.

నల్ల రెక్సిన్ అట్ట, బంగారు అక్షరాలు. బైండింగ్ చేస్తూ షాపాయన వేలు పెట్టి చూపించాడు, "టైటిల్‌ల స్పెల్లింగు తప్పున్నది చూడున్రి." గైడ్, హెచ్ఓడీ, ప్రిన్సిపాల్ సంతకాలు పెట్టాక కూడా మిగిలిన తప్పు అది. ఆ థీసిస్‌ను కనీసం అట్ట వరకైనా చదివిన మనిషి ఆయనొక్కడే.

గ్రూప్స్ రాలేదు. ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే బీటెక్, ఎంటెక్ రెండూ ఉండి, రెండింట్లో ఒకదానిలో ఫస్ట్ క్లాస్ ఉంటే చాలునని సాంకేతిక విద్యకు పెద్దదిక్కైన ఏఐసీటీఈ చెబుతోంది. మావాడికి ఎంటెక్‌లో ఫస్ట్ క్లాస్ వచ్చింది. నీడ బాగా చదివింది. తనిఖీ దగ్గర పడ్డ ఒక కాలేజీ వాళ్లు వారంలో పిలిచి ఉద్యోగమిచ్చారు. చెప్పేది రీసెర్చ్ మెథడాలజీ. చేరిన రోజే ఒరిజినల్స్ అన్నీ తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు, సేఫ్టీ కోసమట.

మొన్న మరో ఉద్యోగానికి దరఖాస్తు చేయాలనుకుని మావాడు నాకు ఫోన్ చేశాడు. ఇద్దరం జిరాక్స్ షాపుకు వెళ్లాం. షాపాయన కంప్యూటర్‌లో మావాడి పేరుతో ఒక ఫోల్డర్ ఉంది. ఫంక్షన్ హాల్ బోనఫైడ్ దగ్గర్నుంచి ఎంటెక్ మెమో దాకా ఏ ఒక్కటీ తప్పిపోలేదు. మౌస్ మీద చెయ్యి పెట్టి మావైపు తిరిగాడు.

"కలరా సార్, బ్లాక్ అండ్ వైటా?"