ఆ హాలు తాళం చెవి ఎవరి దగ్గరుంది?

కాళోజీ కళాక్షేత్రం కోసం మనం పదేళ్లు ఎదురుచూశాం. 2014 సెప్టెంబర్ 9న, కాళోజీ శతజయంతి రోజున శంకుస్థాపన జరిగితే 2024 నవంబర్‌లో తలుపులు తెరుచుకున్నాయి. హనుమకొండలో వెయ్యి మందికి పైగా కూర్చునే ఏసీ హాలు, మంచి లైటింగు, మంచి సౌండు, పెద్ద వేదిక. నాకు నిజంగా సంతోషమైంది. పెద్ద నాటకం వేయాలన్నా, పేరున్న గాయకుణ్ని పిలవాలన్నా ఇన్నేళ్లూ హైదరాబాద్ వైపు చూసిన ఊరికి అది దక్కాల్సిందే.

కానీ ఆ హాలు వచ్చాక కూడా ఈ ఊళ్లో పాడేవాళ్లు, ఆడేవాళ్లు, కథ చెప్పేవాళ్లు, వాళ్లను చూడాలనుకునేవాళ్లు వెతుక్కుంటున్నది ఇంకోటి ఉంది. వంద, నూట యాభై కుర్చీలు పట్టే ఒక చిన్న హాలు, ఒక అడుగున్నర ఎత్తు వేదిక, ఒక పరదా, రెండు లైట్లు, పక్కన ఒక గది. అది పాత కట్టడంలో ఉంటే మరీ మంచిది, ఎందుకో తర్వాత చెబుతాను. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిసిన ఇంత పెద్ద నగరంలో, ప్రతి ఆదివారం సాయంత్రం అక్కడ ఏదో ఒకటి ఉంటుందని కళ్లు మూసుకుని వెళ్లగలిగే చోటు ఒక్కటి చెప్పండి. నాకైతే తట్టలేదు.

పెద్ద హాలుంటే చిన్న హాలు అవసరం దానంతటదే తీరుతుంది అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది. కొన్నేళ్ల కింద మేం కొందరం కలిసి ఒక పద్యనాటకం ఆడించాం. దొరికిన హాలు పెద్దది, పేరు చెప్పను. కిరాయి, కరెంటు, జనరేటరు, మైకు సెట్, ఊడ్చేవాళ్లకు విడిగా, అన్నీ కలిపేసరికి చందాలు వసూలు చేసిన డబ్బు నాటకం మొదలవకముందే అయిపోయింది. వచ్చినవాళ్లు ఎనభై మంది దాకా ఉంటారు. పద్యనాటకానికి ఎనభై మంది రావడం తక్కువేం కాదు. కానీ ఆ హాల్లో ఆ ఎనభై మంది ఎక్కడెక్కడో విడివిడిగా కూర్చుని, హాలంతా ఖాళీగా కనిపించి, హార్మోనియం పెట్టె ముందున్న పెద్దాయనకు మొదటి అంకంలోనే మనసు విరిగిపోయింది. పద్యం చివర రాగం తీస్తుంటే చప్పట్లు కొట్టడానికి కూడా జనం మొహమాటపడ్డారు. అదే ఎనభై మంది వంద కుర్చీల గదిలో ఉంటే వన్స్ మోర్ అని అరిచేవాళ్లు. నాటకం అదే, మనుషులూ వాళ్లే, గదే వేరు.

మన కళల్లో చాలా వాటి కొలత అసలు చిన్నదే. చేర్యాల నకాషీ పటం, అంటే కథను బొమ్మలుగా గీసిన గుడ్డ, మూడడుగుల వెడల్పుంటుంది. కూనపులి వాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పినా, కాకిపడగల వాళ్లు ముదిరాజులకు పాండవుల కథ చెప్పినా, ఆ పటాన్ని ఒక్కో గడి విప్పుతూ, కర్రతో బొమ్మ చూపిస్తూ చెబుతారు. పదో వరుస దాటితే ఆ బొమ్మ కనపడదు. స్క్రీన్ మీద పెద్దగా వేసి చూపిస్తే సరిపోదా అని ఒకరు నాతో అన్నారు. పటం కథలో చూపు చెప్పేవాడి మొహం నుంచి బొమ్మకు, బొమ్మ నుంచి పక్కవాడి మొహానికి తిరుగుతూ ఉంటుంది, స్క్రీన్ పెడితే అందరి తలలూ ఒకవైపే తిరుగుతాయి. ఒగ్గు కథ కూడా అంతే. ఐనవోలు మల్లన్న జాతరలో చూసినవాళ్లకు తెలుసు, కథ నడుమ ఒగ్గు పూజారి ముందు కూర్చున్నవాళ్లను పేరు పెట్టి పిలుస్తాడు, ఆటపట్టిస్తాడు, జవాబు రాబడతాడు. ఆ జవాబు వినపడే దూరంలోనే ఆ కథకు ప్రాణం.

ఇంకా వెనక్కి పోతే, 1213 నాటి రామప్ప గుడిలో రంగమండపం మధ్య నాలుగు స్తంభాల నడుమ ఉన్న చోటు చూడండి. చుట్టూ కూర్చుంటే ఎంతమంది పడతారు? నృత్తరత్నావళి అనే నాట్య గ్రంథం రాసిన కాకతీయుల సేనాని జాయప కాలం నాట్యం దూరం నుంచి చూసేది కాదు. వేలి కదలిక, కనుబొమ కదలిక కనిపించే దగ్గర నుంచి చూసేది.

ఇక పాత కట్టడం సంగతి. హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904లో పుట్టింది. నిజాం రాజ్యంలో తెలుగు చదవడమే ఒక పోరాటంగా ఉన్న రోజులవి. తర్వాత గస్తీ నిషాన్ 53 అనే నిజాం సర్కారు ఉత్తర్వు వచ్చి, అనుమతి లేకుండా సభ పెట్టకూడదన్నారు. అలాంటి కాలంలో గ్రంథాలయం అంటే పుస్తకాల బీరువాలు మాత్రమే కాదు, నలుగురు కూర్చుని మాట్లాడుకోగలిగే చోటు. 1944లో సారస్వత పరిషత్తు సభలు ఓరుగల్లులో జరిగినప్పుడు పందిళ్లకు నిప్పు పెట్టారు, అయినా కవి సమ్మేళనం జరిగింది, దాశరథి కవిత వినిపించారు. ఒక చోట కూర్చోవడం కోసం ఇంత తెగించిన ఊరు ఇది. ఆ భాషా నిలయంలో ఇప్పటికీ పుస్తకావిష్కరణలు, సాహిత్య సభలు జరుగుతూనే ఉన్నాయి, అక్కడికి వెళ్లినప్పుడల్లా నాకు అనిపించేది ఒకటే. నూట ఇరవై ఏళ్లుగా ఒక సంస్థ బతికి ఉండటానికి కారణం అక్కడికి మనుషులు రావడం మానకపోవడమే. అలాంటి చోట్లు ఊరికి ఒక్కటి చాలవు. కవితలకు, పుస్తకాలకు అది ఉంది. నాటకానికి, కథకు, డోలుకు, పిల్లల ఆటకు కూడా అలాంటిది కావాలి.

వాడకుండా వదిలేసిన కట్టడాలకు ఏమవుతుందో మనం కళ్లారా చూశాం. 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు 2002లో పూర్తిగా మూతపడింది. తర్వాత కొన్నేళ్లకు షెడ్లు పోయాయి, నేల ప్లాట్లయింది. మిల్లు సైరన్‌తో పొద్దు గడిపిన ఊరికి ఆ గోడల్లో ఒక్క షెడ్డు మిగిల్చినా ఎంత మంచి రంగస్థలం అయ్యేది! 2021లో సెంట్రల్ జైలును పెద్దాసుపత్రి కోసం పడగొట్టారు. ఆసుపత్రి కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. అయినా ఒక్క బ్యారక్ ఉంచి, ఆసుపత్రికి వచ్చే మనుషుల బంధువులు సాయంత్రం కాసేపు కూర్చుని పాట వినే గదిగా చేయొచ్చని ఆ రోజుల్లో ఒక్క పెద్ద మనిషి కూడా గట్టిగా అడగలేదు. నేనూ అడగలేదు, ఆ బాధ నాకుంది.

2017లో తెలంగాణకు సొంత వారసత్వ చట్టం వచ్చింది. అంతకుముందు 2015లో కేంద్రం వారసత్వ నగరాల కోసం తెచ్చిన హృదయ్ పథకానికి ఎంచుకున్న 12 నగరాల్లో వరంగల్ ఒకటి. ఇవన్నీ మంచివే. కానీ ఈ పథకాల కింద మనం చూసిన పని ఎక్కువగా లైట్లు, బెంచీలు, బోర్డులు, కాలిబాటలు. కట్టడం బయట నుంచి అందంగా కనపడుతుంది, లోపల తాళం. పాత ఇల్లు ఎందుకు కూలుతుందో ఊళ్లో ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు. మనిషి లేకపోతే పెంకు జరిగింది ఎవరూ చూడరు, ఆ సందులోంచి ఒక వానాకాలం నీళ్లు దిగితే వాసం పుచ్చుతుంది, వాసం పుచ్చితే దూలం, ఆ తర్వాత గోడ. వారానికి ఒక్కరోజు వంద మంది వచ్చి కూర్చునే హాల్లో చుక్క నీళ్లు కారినా అదే వారం తెలిసిపోతుంది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. రక్షిత కట్టడాల్లో ఇవన్నీ కుదరవు కదా అంటారు. నిజమే. వెయ్యి స్తంభాల గుడిలాంటి కేంద్ర రక్షణలోని కట్టడాలకు నూరు మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత ఇంకో రెండు వందల మీటర్ల దాకా అనుమతి కావాలి, లోపల సభ పెట్టాలన్నా అనుమతి కావాలి. ఆ గుడి కల్యాణ మండపాన్ని విప్పి మళ్లీ నిలబెట్టడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టి, 2024 మార్చిలో తెరుచుకుంది. అలాంటి చోట స్పీకర్లు పెట్టి దుమ్ము లేపమని నేను అనడం లేదు. నేనంటున్నది ఆ జాబితాల్లో లేని కట్టడాల గురించి. నిజాం కాలపు ఆఫీసులు, పాత బళ్లు, గోదాములు, డంగు సున్నంతో కట్టి బెంగుళూరు పెంకులేసిన మండువా ఇళ్లు. వీటికి చట్టం అడ్డూ లేదు, రక్షణా లేదు. ఏ రోజైనా జేసీబీ రావచ్చు.

వీటిని చిన్న హాలుగా మార్చడం కోట్ల పని కాదు, ఓపిక పని. సున్నం గోడకు సిమెంటు పూత వేయకూడదు, వేస్తే లోపలి చెమ్మ బయటికి రాక గోడే పొక్కులు లేస్తుంది. లైట్లు గోడకు మేకులు కొట్టి కాకుండా విడిగా నిలబెట్టిన ఇనుప ఫ్రేముకు వేలాడదీయాలి. వేడెక్కే పాత ఫోకస్ లైట్ల బదులు ఎల్‌ఈడీ పెట్టాలి, పైన కర్ర దూలాలున్నాయి కాబట్టి. బయటికి రెండు దారులు ఉండాలి, రెండూ బయటికే తెరుచుకోవాలి, ప్రదర్శన జరుగుతున్నంతసేపూ ఏ తలుపుకూ తాళం పడకూడదు. మెట్ల పక్కన ర్యాంపు. అన్నిటికంటే ముందు ఆడవాళ్లకు శుభ్రమైన బాత్రూం. మన సభలకు ఆడవాళ్లు ఎందుకు రావడం లేదని మైకులో వాపోయే నిర్వాహకులు ఒక్కసారి ఆ హాలు బాత్రూం తలుపు తీసి చూడాలి. సాయంత్రం ఐదున్నరకు మొదలుపెట్టి ఎనిమిదికల్లా వదిలితే నర్సంపేట, పరకాల బస్సులు అందుతాయి. ముఖ్య అతిథి రాలేదని గంటన్నర ఆపితే ఆ మనిషి మళ్లీ రాడు.

చిన్న ఊళ్లో ఇది నిలబడుతుందా అన్న అనుమానం ఉన్నవాళ్లకు కర్ణాటకలోని హెగ్గోడు చూపిస్తాను. శివమొగ్గ జిల్లాలో ఒక పల్లె. అక్కడ 1949లో కొందరు కలిసి నీనాసం అనే నాటక సంస్థ పెట్టారు. నాటకాలు, సినిమా ప్రదర్శనలు, చర్చలు, తర్వాత నాటక శిక్షణ, ఊరూరా తిరిగే బృందం. దాన్ని నడిపిన కె.వి. సుబ్బన్నకు 1991లో మెగసెసే అవార్డు వచ్చింది. వక్కతోటలు చేసుకునే రైతులు పగటి పని ముగించుకుని వచ్చి ప్రపంచ నాటకాలు చూశారు. మన హైదరాబాద్‌లోనే 2010లో బంజారాహిల్స్‌లో ఒక పాత ఇల్లు లామకాన్ అనే సాంస్కృతిక వేదిక అయింది. బండరాళ్ల మధ్య వాకిలి, చిన్న వేదిక, చాయ్, సమోసా. ఈ రెండు చోట్లా కనిపించేది ఒకటే అలవాటు, క్యాలెండర్ ఆగకపోవడం.

మనకు లేనిది సరిగ్గా ఆ క్యాలెండరే. కళాకారులకు కొదవ లేదు. జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది, పేపర్లన్నీ ఫొటోలు వేశాయి. ఆయన ఆటను ఈ నగరంలో ఒక మామూలు ఆదివారం, టికెట్టు కొనుక్కుని, ఎదురుగా కూర్చుని చూసే వీలు ఎంతమందికి దొరికింది? జానపద కళలనే చదువుగా చెప్పే తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం మన ఊళ్లోనే ఉంది. కాకతీయ యూనివర్సిటీ, నిట్, మెడికల్ కాలేజీ పిల్లలు వేల మంది ఉన్నారు, సాయంత్రమైతే ఎక్కడికి పోవాలో తెలియక మాల్స్ చుట్టూ తిరుగుతున్నారు. మట్టెవాడలో పుట్టి మిమిక్రీని ప్రపంచానికి చూపించిన నేరెళ్ల వేణుమాధవ్ ఊరు ఇది. ఈ రోజు ఒక ఇంటర్ పిల్లాడు గొంతు మార్చి పదిమందిని నవ్వించాలనుకుంటే మొదటి పదిహేను నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి? రీల్స్‌లో దొరుకుతాయి అంటారు. అక్కడ నవ్వు వినపడదు, ఎక్కడ నవ్వలేదో అసలు వినపడదు.

డబ్బు సంగతి కూడా దాచకుండా మాట్లాడుకుందాం. మనిషికి యాభై రూపాయల టికెట్, వంద మంది వస్తే ఐదు వేలు. అందులోంచి కళాకారులకు, కరెంటుకు, ఊడ్చే అమ్మకు ఇవ్వాలి. కిరాయి కట్టమంటే కుదరదు. అందుకే కట్టడం ప్రభుత్వానిదో కార్పొరేషన్‌దో అయి ఉండాలి, నామమాత్రపు కిరాయికి పదేళ్లకు రాసివ్వాలి, మరమ్మతు ఖర్చు వాళ్లు భరించాలి. టికెట్ మాత్రం పెట్టాల్సిందే. ఉచితమైతే వానొస్తే జనం రారు, డబ్బు పెట్టి కొన్నవాళ్లు గొడుగేసుకుని వస్తారు, ఇది నేను చూసిన మాట.

అన్నిటికీ మించి నన్ను పట్టి పీడించేది తాళం చెవి. ఒకసారి పిల్లల నాటకం కోసం ఒక ప్రభుత్వ హాలుకు నెల ముందు దరఖాస్తు పెట్టాం, అనుమతి కాగితం వచ్చింది, ఆ రోజు సాయంత్రం పిల్లలు రంగులేసుకుని, కిరీటాలు పెట్టుకుని గేటు ముందు నిలబడ్డారు, తాళం చెవి ఉన్న ఉద్యోగి సెలవులో ఉన్నాడు. ఫోన్ ఎత్తలేదు. చీకటి పడుతుంటే ఒక పాప అమ్మ కొంగు పట్టుకుని ఏడ్చింది. చివరికి గేటు బయట రోడ్డు పక్కనే, బండ్ల హారన్ల మధ్య, సెల్‌ఫోన్ల వెలుతురులో ఆ నాటకం ఆడారు. ఎవరిమీదా కోపం పెట్టుకుని ఇది చెప్పడం లేదు. ఆ ఉద్యోగికి ఆదివారం సెలవు, ఆయన తప్పేం లేదు. ఆదివారం పనిచేయాల్సిన చోటును సోమవారం నుంచి శనివారం దాకా పనిచేసే ఆఫీసు చేతిలో పెట్టడం దగ్గర ఉంది చిక్కంతా.

కాబట్టి నేను అడిగేది చాలా చిన్నది. ఈ నగరంలో ఇంకా కూలని ఒక్క పాత కట్టడం చూడండి. రంగస్థలం వాళ్లు ఇద్దరు, జానపద కళాకారులు ఇద్దరు, ఒక టీచరమ్మ, ఒక కాలేజీ పిల్ల, ఆ వాడలో ఉండేవాళ్లు ఇద్దరు, కార్పొరేషన్ నుంచి ఒకరు, ఇలా ఒక కమిటీ వేయండి, రెండేళ్లకోసారి మార్చండి. నెలలో మొదటి ఆదివారం నాటకం, రెండోది ఒగ్గు కథో చిందో పటం కథో, మూడోది పిల్లలది, నాలుగోది ఎవరైనా పేరు రాయించుకుని వేదిక ఎక్కేది. అయిదో ఆదివారం వస్తే ఆ రోజు గోడకు సున్నం వేద్దాం, మేమే వస్తాం. తాళం చెవులు మూడు చేయించండి, ఒకటి ఆఫీసులో పెట్టుకోండి, రెండు ఆ వాడలో నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఇళ్లలో ఉండనివ్వండి.