సంతకం ఉంది, సంగతి తెలియదు

2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా చూసే టీకా అది. వేయించుకున్నవారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉంటున్న గిరిజన బిడ్డలు. తర్వాత పరిశీలిస్తే, 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. మరో 1,948 మీద వేలిముద్రలు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుబట్టింది.

టీకా చెడ్డదని ఎవరూ రుజువు చేయలేదు. టీకా వేయించుకున్న కొందరు బాలికలు ఆ తర్వాత చనిపోయారు; ఆ మరణాలకూ టీకాకూ సంబంధం కనిపించడం లేదనే విచారణ కమిటీ చెప్పింది. కానీ అప్పటికే, 2010లోనే, కార్యక్రమం ఆగిపోయింది. కన్నవాళ్లను కూర్చోబెట్టి ఇది ఏ మందు, ఎందుకు వేస్తున్నారు అని చెప్పకపోతే మంచి మందు మీద కూడా అనుమానం పుడుతుంది.

చట్టం ఏమంటోంది? 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల మహిళ పరీక్ష కోసం మత్తు తీసుకుంది. ఆమె స్పృహలో లేనప్పుడు బయట కూర్చున్న తల్లిని ఒప్పించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, స్పృహ వచ్చాక రోగినే అడిగే వీలున్నప్పుడు తల్లి అంగీకారం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడివరకు బాగుంది. కానీ రోగికి ఎంత చెప్పాలన్న దగ్గర కోర్టు డాక్టర్ల ఆనవాయితీనే కొలతగా తీసుకుంది. మన దేశంలో రోగుల్లో ఎక్కువమంది పేదలు, చదువు లేనివారు, వైద్య విషయాలు వారికి అర్థం కావు అన్నది ఒక కారణం. ఈ తర్కం నాకు మింగుడుపడదు. చదువు లేని మనిషికి మరింత విడమరిచి చెప్పాలి గానీ, తక్కువ చెబితే సరిపోతుందా? బ్రిటన్ సుప్రీంకోర్టు 2015లో ఆ పాత కొలతను వదిలేసింది. రోగి స్థానంలో ఉన్న మనిషికి ఏది ముఖ్యమనిపిస్తుందో అది చెప్పి తీరాలంది.

చెప్పడం ఒక్కటే చాలదు కూడా. డాక్టరు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం రోగి వెంటనే మరిచిపోతాడని పరిశోధనలు చెబుతున్నాయి. గుర్తున్నదాంట్లోనూ దాదాపు సగం తప్పే. దీనికి ఖర్చు లేని విరుగుడు ఒకటుంది. “అర్థమైందా?” అని అడగకూడదు. తెల్లకోటు ముందు ఎవరైనా తల ఊపేస్తారు. “ఇంటికెళ్లాక మీవాళ్లకు ఏమని చెబుతారు?” అని అడగాలి. రోగి తన మాటల్లో చెబుతుంటే ఎక్కడ తప్పుగా అర్థం చేసుకున్నాడో బయటపడుతుంది. ఓపీలో వందమంది క్యూ కట్టి ఉంటే అంత తీరిక ఎక్కడిదంటారు డాక్టర్లు. నిజమే. కానీ ఈ పనికి డాక్టరే అక్కర్లేదు, శిక్షణ పొందిన నర్సు చాలు.

‘అన్నీ నాకు తెలిసిన భాషలో వివరించారు’ అనే వాక్యం మన ఆసుపత్రుల పత్రాల మీద చాలాసార్లు ఇంగ్లిషులోనే ఉంటుంది. దాన్ని కొట్టేసి అక్కడ నాలుగు గీతలు ఖాళీగా ఉంచాలి. ఏ ఆపరేషన్, ఎందుకు, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నది రోగి చెబుతుంటే నర్సు తెలుగులో రాయాలి. సంతకమో, వేలిముద్రో దాని కింద పడాలి.