శాంటా మోనికాలో ఒక ఫొటో దిగితే రూట్ 66 ‘కంప్లీట్’ అయిపోతుందట!

పొద్దున్నే కాఫీ కూడా పడకుండా ఫోన్ తీయడం నాదే తప్పు. వాట్సాప్ స్టేటస్‌లో మా బావ. శాంటా మోనికా సముద్రం ఒడ్డున, నీళ్లలోకి కట్టిన పియర్ మీద, ‘ఎండ్ ఆఫ్ ది ట్రైల్’ బోర్డు కింద రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. కింద ‘రూట్ 66 కంప్లీటెడ్’ అని రాసి, మూడు కారు బొమ్మలు, ఒక జెండా.

కంప్లీటెడ్! డాలస్‌లో శుక్రవారం సాయంత్రం ఫ్లైటెక్కి, ఎవరిదో గృహప్రవేశానికి లాస్ ఏంజిలిస్ వెళ్లి, బూరెలు తిని, ఊబర్‌లో పియర్ దగ్గర దిగిన మనిషి. రూట్ 66 అంటే అమెరికాలో షికాగో నుంచి ఆ సముద్రం దాకా పోయే పాత హైవే, 2,448 మైళ్లండీ, ఎనిమిది రాష్ట్రాలు. ఈయన నడిచింది ఊబర్ ఆగిన చోటు నుంచి బోర్డు దాకా. అన్నవరం స్టేషన్‌లో రైలాగినప్పుడు కిటికీలోంచి దణ్ణం పెట్టి, సత్యనారాయణ వ్రతం చేయించుకొచ్చాం అన్నట్టుంది.

పైగా ఆ బోర్డు అసలు ముగింపే కాదు. దాన్ని పెట్టింది 2009లో. రోడ్డు పియర్ దాకా ఎప్పుడూ వెళ్లలేదు. మొదట్లో లాస్ ఏంజిలిస్ నడిబొడ్డులోనే ఆగేది, తర్వాత శాంటా మోనికాలో లింకన్, ఒలింపిక్ వీధులు కలిసే కూడలి దాకా పొడిగించారు. హైవేల జాబితాలోంచి రూట్ 66ని 1985లోనే కొట్టేశారు. రోడ్డు పోయాక ఎప్పటికో వచ్చిన బోర్డు అది. ఇదంతా బావకి ఓపిగ్గా మెసేజ్ పెట్టాను. జవాబుగా బొటనవేలు పంపాడు. ఒక్కటే బొటనవేలు.

సరే, ఇక 2019 సంగతి చెప్పాల్సిందే. చెప్పకూడదనే అనుకున్నాను.

రెండు మినీ వ్యాన్లు, పదకొండు మంది, డాలస్ నుంచి గ్రాండ్ కేన్యన్, అక్కణ్ణుంచి వేగాస్. ప్లాన్ నాది. నెలరోజులు కూర్చుని రాశాను. నడిపింది మాత్రం బావ ఫోన్‌లోని ఈటీఏ, అదే, ఎన్నింటికి చేరతామో చూపించే లెక్క. ‘ఏడున్నరకి చేరతాం’ అంటే ఏడున్నరకి చేరాల్సిందే, అక్కడ ఈయన కోసం కలెక్టరు కాచుకున్నట్టు. అమరిల్లో దాటాక కాడిలాక్ రాంచ్‌లో ఏడు నిమిషాలు ఇచ్చాడు. పది కాడిలాక్ కార్లని ముక్కు భూమిలోకి దించి 1974లో పాతారు, వచ్చినవాళ్లంతా రంగులు కొడుతూనే ఉంటారు. మా చిన్నాడు స్ప్రే డబ్బా ఊపి వాడి పేరులో మొదటి అక్షరం రాశాడో లేదో వెనకనుంచి హారన్. వాడి పేరు కార్తీక్. ఆ కారు మీద ‘కా’ అని మిగిలింది. ఈపాటికి దాని మీద వంద పూతలు పడి ఉంటాయిలెండి.

ఏడ్రియన్‌లో ఆగలేదు. షికాగోకీ లాస్ ఏంజిలిస్‌కీ ఒకే దూరమని బోర్డుండే సరిగ్గా మధ్య ఊరది. ఎదురుగా ఉన్న కఫేలో ‘పై’ అనే తీపి వంటకం తిందామంటే, ‘వెనక పులిహోర ఉందిగా’ అన్నాడు. టుకుంకారిలో 1939 నాటి మోటెల్ ఒకటుంది, నియాన్ పిట్ట బొమ్మతో, గదికో కారు షెడ్డుతో. అలాంటి పాత మోటెల్ ఏదో ఒకదాంట్లో ఒక్క రాత్రి పడుకుందామన్నాను. ‘పటేల్ మోటెల్ ఏదైనా అంటగడతావా, వద్దురా బాబూ, వాసన’ అన్నాడు. ఆ గుజరాతీ పటేళ్లే కదా బావా, ఈ రోడ్డు మీద మోటెళ్లు మూతపడుతుంటే కొని, కౌంటరు వెనక గదిలో కాపురం పెట్టి, దీపం ఆరకుండా చూసినవాళ్లు! పక్కవాడు ‘అమెరికన్ ఓన్డ్’ అని బోర్డు కట్టి వాళ్ల గిరాకీ చెడగొడుతుంటే కూడా నిలబడ్డారు. మన రంగువాడి మీద మనకే వాసన.

అన్నిటికన్నా నాకు మండింది అరిజోనాలోని సెలిగ్‌మన్ అనే ఊరి దగ్గర. అక్కణ్ణుంచి కింగ్‌మన్ దాకా పాత రోడ్డు చెక్కుచెదరకుండా ఉంది, 87 మైళ్లు. ఈటీఏలో అరగంట పెరుగుతుందని ఐ-40 అనే కొత్త పెద్ద హైవే మీదే లాగించేశాడు. 1978 సెప్టెంబరు 22న ఆ ఐ-40 తెరిచాకే సెలిగ్‌మన్ వీధి ఒక్కరోజులో ఖాళీ అయిపోయింది. ఏంజెల్ డెల్గడిల్లో అని అక్కడ బార్బరు. చూసి చూసి, 1987లో ఊళ్లవాళ్లని పోగేసి సంఘం పెట్టి, ఈ రోడ్డుని చారిత్రక రోడ్డుగా గుర్తించండని అరిజోనా ప్రభుత్వం వెంటపడి సాధించాడు. ఇవాళ జనం ఆగుతున్నారంటే ఆయన చలవే. ఇదే రోడ్డు మీద ఇలినాయ్‌లో విల్మింగ్టన్ ఊరివాళ్లు చూడండి, చేతిలో రాకెట్టు పట్టుకున్న ఫైబర్ రాక్షసుడి బొమ్మ 2024లో వేలానికి వస్తే, ఊరు దాటిపోకుండా పార్కులో నిలబెట్టుకున్నారు.

నాకెందుకింత మంట అంటారా. మా నాన్న టిఫిన్ హోటల్ పాత నేషనల్ హైవే ఐదు మీద ఉండేది. లారీలు ఆగితేనే మాకు గడిచేది. నాలుగు లైన్ల బైపాస్ తెరిచిన వారం కూడా నాన్న అలవాటు కొద్దీ ఎనిమిది కేజీల పిండి రుబ్బించాడు. సాయంత్రానికి అదంతా గేదె కుడితి తొట్టిలో పోశాం. రెండో వారం నాలుగు కేజీలు. ఆ తర్వాత గ్రైండర్ అమ్మేశాడు. బావా, పెళ్లిచూపులకొచ్చినప్పుడు నువ్వు నాలుగు పెసరట్లు లాగించింది ఆ హోటల్లోనే. అప్పుడు ఈటీఏ అడగలేదే?

బావ ఫేస్‌బుక్‌లో లేడు కాబట్టి ఇంత ధైర్యంగా రాస్తున్నాను. అక్కా, నువ్వు చదువుతుంటే ఆయనకి చూపించు. 2026 నవంబరు 11కి రోడ్డుకి వందేళ్లు. నేను, మా ఆవిడ, పిల్లలు షికాగో నుంచి బయల్దేరుతున్నాం, ఈటీఏ లేకుండా. ఎవరినీ పిలవట్లేదు.

తాజా కబురు: అక్క మెసేజ్ పెట్టింది. ‘బావ అక్కడ రూట్ 66 టీషర్టులు కొన్నార్రా, నీక్కూడా ఒకటి. ఎల్ సరిపోతుందా?’

ఎక్సెల్ కావాలని పెట్టాను.