కథ చదవడానికి సంతకం కావాలా?

ఆదివారం మధ్యాహ్నం గ్రంథాలయంలో పదిహేను మంది ఆడవాళ్లు కూర్చుని కథ చదువుకుంటే ఎవరికి నష్టం? ఓ జిల్లా కేంద్రంలో అధికారులకు అదే టెన్షన్ అయింది. ఏ పుస్తకం చదువుతారో వారం ముందే రాసివ్వాలని కాగితం పంపారు. వచ్చేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంట్లో 'బాధ్యుల' సంతకం కూడా కావాలన్నారు. ఇవ్వనందుకు రెండు వారాలుగా హాలుకు తాళం వేశారు. ఊరి పేరు రాయొద్దని ఆ మహిళలే కోరారు కాబట్టి రాయడం లేదు. కథ చదివినందుకు ఊరి పేరు దాచుకోవాల్సిన పరిస్థితి తెచ్చారు.

ఇంతకీ అక్కడ జరిగేదేమిటి? పంతులమ్మలు, ఓ నర్సు, మిషన్ కుట్టేవాళ్లు కథ జిరాక్స్ కాపీలు పంచుకుంటారు. పదో తరగతితో చదువు ఆగిపోయిన ఒకామె అక్షరాల కింద వేలు కదుపుతూ బిగ్గరగా చదువుతుంది. తడబడితే పక్కావిడ అందుకుంటుంది. తర్వాత మాటలు మొదలవుతాయి. కథలో కోడలు ఎందుకు నోరు మెదపలేదు? సినిమాలో హీరో వెంటపడి వేధిస్తే దాన్ని ప్రేమ అని ఇన్నాళ్లూ ఎలా ఒప్పుకున్నాం? ఈ ప్రశ్నలు అడగడానికి ఇంట్లో ఎవరి సంతకం తేవాలి?

హాలు ప్రభుత్వానిదని, భద్రత తమ బాధ్యతని అధికారులు అంటున్నారు. నిబంధనలు వద్దని మేమూ అనడం లేదు. కానీ అదే హాల్లో సన్మానాలకు, పుస్తకావిష్కరణలకు వచ్చిన మగవాళ్లను ఇంటి నుంచి సంతకం తెమ్మన్నారా? ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్న ఇళ్లలో ఈ ఆడవాళ్ల ఇళ్లు లేవా?

ఈ కాగితాన్ని ఒక ఊరి గొడవగా వదిలేయలేం. ఇక్కడ చెల్లితే పక్క జిల్లాలో దీన్నే జిరాక్స్ తీస్తారు. ఇవాళ పుస్తకం పేరు అడిగినవాళ్లు రేపు ఎవరేం మాట్లాడతారో అడుగుతారు.

ఈ దారి ఎటు పోతుందో తెలుగువాళ్లు ఒకసారి చూశారు. పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో మళ్లీ అచ్చు వేయించారు. అశ్లీలమని బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి స్వాతంత్ర్యం వచ్చే రోజుల దాకా, ప్రకాశం పంతులు పూనుకునే దాకా ఆగాల్సి వచ్చింది. మూడు దశాబ్దాలకు పైగా ఒక ఆడమనిషి రాసిన కావ్యం పాఠకులకు దక్కకుండా పోయింది.

ఆడవాళ్లు కలిసి కూర్చోవడమూ మనకు కొత్త కాదు. 1902లోనే రచయిత్రి భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. తర్వాత హైదరాబాద్‌లో స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలను వెతుక్కుంటూ వెళ్లారు. ఎదురుగా కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు విని, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. పోరాటం గురించి అంతకుముందు ఎన్నో పుస్తకాలు వచ్చినా, తుపాకీ పట్టిన ఆడమనిషి బిడ్డను ఎవరికి అప్పగించి వెళ్లిందో అడిగినవాళ్లు తక్కువ. నలుగురు ఆడవాళ్లు కూర్చుంటేనే ఆ ప్రశ్న వచ్చింది. ఏం మాట్లాడతారో వారం ముందే రాసిమ్మంటే అది వచ్చేదా?

మార్చి 8న గ్రంథాలయాల్లో రచయిత్రుల ఫొటోలకు దండలు వేస్తారు. వేదిక మీద మహిళా సాధికారత గురించి గంటసేపు మాట్లాడతారు. ఆ రచయిత్రుల పుస్తకం తెరిచి చదవబోయేసరికి సంతకం అడుగుతారా? జిల్లా గ్రంథాలయ సంస్థ వారు, ఆ కాగితం రాసిన అధికారి సిగ్గుపడాలి. దాన్ని ఈ శనివారం లోపు రాతపూర్వకంగా రద్దు చేయండి. ఆదివారం రెండు గంటలకు ఆ ఆడవాళ్లు వస్తారు. తాళం తీసి ఉంచండి.